అలారం ఆపేసే చేయి, ‘యెస్ సర్’ అనే నోరు: ఎక్డిస్, ఇంగ్లీషు కలిపి నేర్పడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కళాశాలలో చాలాకాలం ఇంగ్లీషు చెప్పి ఈ మధ్యే విశాఖపట్నంలో ఒక నౌకా శిక్షణ సంస్థలో చేరారు. డెక్ విద్యార్థుల (ఓడ నడపడం నేర్చుకునేవారి) కోసం, ఎక్డిస్ అనే ఎలక్ట్రానిక్ చార్టు యంత్రం నేర్పే బోధకుడితో కలిసి కొత్త కోర్సు తయారు చేయమన్నారు. మీరు ఎప్పుడూ ఓడ ఎక్కలేదు. యంత్రం పాఠాన్నీ ఇంగ్లీషు పాఠాన్నీ విడిగా ఉంచాలా, కలపాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

కలపండి. పదకొండేళ్లు ఓడల మీద పనిచేసి చీఫ్ ఆఫీసర్‌గా దిగిపోయాను, ఆ తర్వాత ఎనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మొదటి రెండేళ్లు రెండింటినీ విడదీసి నేర్పి తప్పు చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా మొదటి ఎక్డిస్ కోర్సు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. (తెలియనివారి కోసం: కాగితపు చార్టుకు, అంటే సముద్రపు పటానికి, బదులు ఓడ స్థానాన్నీ, లోతులనూ, దారినీ తెర మీద చూపే యంత్రం ఎక్డిస్. 2012 నుంచి 2018 వరకు దశలవారీగా పెద్ద ఓడలకు దీన్ని తప్పనిసరి చేశారు.) మూడు వందల స్లైడ్లు, ప్రతి మెనూకూ ఒక బొమ్మ, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఒక కుర్రాడికి వందకు తొంభై రెండు వచ్చాయి. మర్నాడు సిమ్యులేటర్‌లో అతనే ఓడను ఇసుకమేట మీదకు ఎక్కించాడు.

ఎలా ఎక్కించాడో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కోర్సుకు పునాది అక్కడే ఉంది. ఓడ నీటిలో మునిగే భాగం పదకొండు మీటర్లు. కింద ఉండాల్సిన ఖాళీ నీరు లెక్కవేసుకుని అతను సేఫ్టీ కాంటూరు (దీనికంటే లోతు తక్కువైతే ప్రమాదమని యంత్రానికి చెప్పే గీత) పద్నాలుగు మీటర్లు పెట్టాడు. సరైన లెక్కే. కానీ ఆ చార్టులో ఉన్న లోతు గీతలు పది, ఇరవై, ముప్పై మాత్రమే. అడిగిన గీత లేనప్పుడు ఎక్డిస్ దానికంటే లోతైన తర్వాతి గీతను ఎంచుకుంటుంది, అంటే ఇరవై. దాంతో తెర మీద చాలా భాగం ప్రమాదకరమైన నీలంగా మారిపోయింది, అలారం మోత మొదలైంది. ఇతను రెండుసార్లు అలారం నొక్కి ఆపాడు. మూడోసారి విసుగొచ్చి కాంటూరును పదికి మార్చాడు. మోత ఆగింది, తెర తెల్లగా, ప్రశాంతంగా మారింది. పది మీటర్లకూ పద్నాలుగు మీటర్లకూ మధ్య ఉన్న నీళ్లన్నీ ఇప్పుడు సురక్షితమని యంత్రం చెబుతోంది. పదిన్నర మీటర్ల నీటిలో ఓడ కూర్చుంది.

ఏ మీట ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. యంత్రం ఎందుకు మొత్తుకుంటోందో ఆలోచించే అలవాటును మాత్రం నా మూడు వందల స్లైడ్లలో ఒక్కటీ నేర్పలేదు.

ఇది శిక్షణ గదికే పరిమితమైన వింత కాదు. 2013 సెప్టెంబరు 18న ఓవిట్ అనే రసాయన ట్యాంకరు డోవర్ జలసంధిలో వార్న్ బ్యాంక్ అనే మేటను ఎక్కింది. అనుభవం తక్కువగా ఉన్న అధికారి గీసిన దారి నేరుగా ఆ మేట మీదుగానే వెళ్లింది, సేఫ్టీ కాంటూరు ఆ ప్రయాణానికి తగినట్టు లేదు, అలారం శబ్దం పనిచేయడం లేదు. ఓడ నేల తగిలి ఆగిపోయిందని వాచ్‌లో, అంటే ఓడను నడిపించే వంతులో, ఉన్న అధికారికి తెలియడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. ఈ ఒక్క దుర్ఘటనతో మీరు రెండు రోజుల పాఠం నడపవచ్చు. బ్రిటిష్ దర్యాప్తు సంస్థ నివేదిక అందరికీ అందుబాటులో ఉంది, ఇంగ్లీషు పఠనానికీ పనికొస్తుంది.

ఇక మీ వైపు, అంటే ఇంగ్లీషు సంగతి. 2007 నవంబరు 7న శాన్ ఫ్రాన్సిస్కోలో దట్టమైన పొగమంచు. కాస్కో బుసాన్ అనే కంటైనరు ఓడను స్థానిక పైలట్ (రేవు దగ్గర ఓడకు దారి చూపే నిపుణుడు) బయటికి తీసుకువెళుతున్నాడు. కెప్టెనూ సిబ్బందీ చైనీయులు. ఎలక్ట్రానిక్ చార్టు మీద రెండు ఎర్ర త్రికోణాలు కనిపిస్తే వాటి అర్థం ఏమిటని పైలట్ కెప్టెన్‌ను అడిగాడు. అవి వంతెన స్తంభం దగ్గరి బోయాల (నీటి మీద తేలే దారి సూచికల) గుర్తులు. వాళ్ల సంభాషణలో మాత్రం అది వంతెన మధ్యభాగమన్నట్టు తేలింది. కెప్టెన్ నోటి నుంచి వచ్చింది ఒక అవుననే మాట. ఓడ వెళ్లి బే బ్రిడ్జి స్తంభపు రక్షణ కట్టడాన్ని ఒరుసుకుంది, రెండు లక్షల లీటర్లకు పైగా చమురు నీళ్లలో కలిసింది. దర్యాప్తులో పైలట్ వాడుతున్న మందుల ప్రభావాన్ని ముందు చెప్పారు, నిజమే. పైలట్, కెప్టెన్ తమ ప్రణాళికను సరిగ్గా మాట్లాడుకోలేదన్నది కూడా కారణాల్లో ఉంది. ఒకరు పరాయి తెర మీది గుర్తు చదవలేకపోయారు, ఇంకొకరు పరాయి భాషలో ‘కాదు, ఆగండి’ అనలేకపోయారు. దీన్ని ఏ గదిలో నేర్పుతారు? ఎక్డిస్ గదిలోనా, ఇంగ్లీషు గదిలోనా?

అవుననే మాట గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక పాఠం ఉండాలి. థర్డ్ మేట్‌గా, అంటే చిన్న అధికారిగా, నా రెండో ఓడలో జరిగింది చెబుతాను. రేవు వదులుతున్నాం, నేను ఓడ వెనుక భాగంలో తాళ్ల దగ్గర ఉన్నాను. వాకీటాకీలో కెప్టెన్ ‘స్ప్రింగ్ తాడు ఇంకా వదల్లేదా?’ అని ఇంగ్లీషులో అడిగాడు. నేను ‘యెస్ సర్’ అన్నాను. తెలుగులో అయితే నాది సరైన జవాబే: ‘అవునండీ, వదల్లేదు’. ఆయన భాషలో దాని అర్థం ‘వదిలేశాం’. ఇంజను వెనక్కి తిప్పించాడు. తాడు వీణ తీగలా బిగుసుకుని నీళ్లు చిమ్మింది. బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) నా మెడ పట్టి వంచి పక్కకు లాగాడు. అదృష్టం, తాడు తెగలేదు. తెగితే ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక వాక్యాల సంకలనం, అంటే మనం ఎస్‌ఎంసీపీ అనేది, దీనికి చక్కని మందు ఇస్తుంది: ఉత్త ‘యెస్’, ఉత్త ‘నో’ చెప్పకూడదు, దాని వెంట పూర్తి వాక్యం రావాలి. ‘నో, స్ప్రింగ్ ఈజ్ నాట్ లెట్ గో’ అని ఉంటే కెప్టెన్ ఇంజను ముట్టేవాడు కాదు. మీ మొదటి వారంలో ఒక గంట పూర్తిగా ఇలాంటి ‘లేదా?’ ప్రశ్నలకే కేటాయించండి. ప్రశ్న విన్న వెంటనే ‘యెస్’ అన్నవారు కూర్చోవాలి. మొదటి రోజు పది నిమిషాల్లో గది అంతా కూర్చుంటుంది.

ఆ సంకలనంలో మనకు దగ్గరగా ఉండే ఇంకో సంగతి ‘మే’, ‘క్యాన్’ లాంటి మాటలను వద్దనడం. ఎందుకని విద్యార్థులు అడిగితే తెలుగులోంచే చెప్పండి. ‘మీరు లోపలికి రావచ్చు’ అంటే అనుమతి ఇచ్చినట్టా, వచ్చే అవకాశం ఉందని చెప్పినట్టా? మన ‘వచ్చు’కున్న సందిగ్ధమే వాళ్ల ‘మే’కూ ఉంది. అందుకే ముందు మాటగా ‘క్వశ్చన్’, ‘ఇన్‌స్ట్రక్షన్’, ‘అడ్వైస్’, ‘వార్నింగ్’ లాంటి గుర్తు పెట్టి, ఆ తర్వాత వాక్యం చెప్పమంటారు. వినేవాడికి సగం అర్థం ఆ మొదటి మాటలోనే దొరికిపోతుంది.

వ్యాకరణం మీద మాత్రం మీరు కొంచెం మనసు చంపుకోవాలి. ఆ వాక్యాల్లో ‘ఎ’, ‘ద’ చాలాచోట్ల ఎగిరిపోతాయి. నాతో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు వాటిని ఎర్రసిరాతో దిద్దుతూ ఉండేవారు. పాపం, మానడానికి ఒక సెమిస్టరు పట్టింది. దిద్దాల్సినవి వేరే ఉన్నాయి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా. అందుకే నూట యాభై డిగ్రీలను ‘వన్ ఫైవ్ జీరో’ అని అంకె అంకెగా పలికిస్తారు. మనకు ‘వ’ ఒకటే అక్షరం కనుక వీ, డబ్ల్యూ శబ్దాలు కలిసిపోతాయి. విక్టర్, విస్కీ అని పూర్తి మాటలతో అక్షరాలు చెప్పించే పద్ధతి అక్కడ ఆదుకుంటుంది. ‘పోర్ట్’ అంటే రేవు, ఓడ ఎడమ పక్క కూడా ‘పోర్ట్’. కొత్త హెల్మ్స్‌మన్ (చుక్కాని తిప్పేవాడు) తడబడేది ఇక్కడే. చుక్కాని ఆజ్ఞను విన్నవాడు తిరిగి పలకాలి, పలికాకే తిప్పాలి. ఇది రేటింగ్స్‌కు (అధికారులు కాని ఓడ సిబ్బందికి) మొదటి రోజు పాఠం. వాళ్లకు వీహెచ్‌ఎఫ్ రేడియో సంభాషణ అంత అవసరం లేదు, ఆఫీసర్లకు చాలా అవసరం. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇవ్వకండి.

వినికిడి సాధనకు స్టూడియోలో రికార్డు చేసిన శుభ్రమైన ఇంగ్లీషు పనికిరాదు. రేడియోలో గరగర ఉంటుంది, వెనక ఇంజను హోరు ఉంటుంది, అవతల మాట్లాడేది టర్కీ పైలటో బ్రెజిల్ పైలటో. మేము చేసిన పని చవకది: ఇద్దరిని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, ఒకరికి చార్టు, ఇంకొకరికి తెల్ల కాగితం ఇస్తాం. మధ్యలో వాకీటాకీ, పక్కన ఫోనులో ఇంజను శబ్దం. చార్టు మీది దారిని రెండోవారు కాగితం మీద గీయాలి. సైగలు లేవు, తెలుగు లేదు. ‘సే అగైన్’ అని అడిగినవారికి ఒక మార్కు అదనం. అవును, అర్థం కాలేదని చెప్పినందుకు మార్కు! మా వాళ్లలో కొందరు నవ్వారు. కానీ మన పిల్లలు బడిలో పన్నెండేళ్లపాటు అర్థం కాకపోయినా తల ఊపడం నేర్చుకుని వచ్చారు, ఆ అలవాటును తియ్యడానికి నాకు వేరే దారి దొరకలేదు.

రెండో వారం చివర ఈ రెండింటినీ సిమ్యులేటర్‌లో కలపండి. నేను నడిపే అభ్యాసానికి మూలం రాయల్ మెజెస్టీ. 1995 జూన్‌లో ఆ ప్రయాణికుల ఓడలో జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడింది. యంత్రం గట్టిగా ఏమీ అరవకుండా అంచనా లెక్కల మీద స్థానం చూపిస్తూ పోయింది. దాదాపు 34 గంటల తర్వాత నాంటకెట్ దగ్గర మేట ఎక్కేసరికి ఓడ తన దారి నుంచి 17 మైళ్లు పక్కకు వెళ్లింది. సిమ్యులేటర్‌లో బోధకుడు జీపీఎస్ స్థానాన్ని గుట్టుగా కొద్దిగా జరపవచ్చు. నేను విశాఖ రేవు ముంగిట అర మైలు జరుపుతాను. డాల్ఫిన్స్ నోస్ కొండ రాడార్ మీద ఒకచోట, చార్టు మీద ఇంకోచోట కనిపిస్తుంది. అదే సమయానికి రేవు కంట్రోలు గొంతుతో మీరు వీహెచ్‌ఎఫ్‌లో వాళ్ల స్థానం అడగండి. తెర మీది అంకెలు చదివి వినిపిస్తారా, కొండకు దూరం కొలిచి చూస్తారా? ‘నా స్థానం మీద నాకు అనుమానం ఉంది’ అని ఇంగ్లీషులో చెప్పగలుగుతారా?

ఒక బృందంలో ఉద్దానం వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఉండేవాడు, చేపల వేటకు వెళ్లే ఇల్లు. ఆ అభ్యాసంలో మిగతా ముగ్గురూ తెరకు కళ్లు అప్పగించారు. ఇతను కిటికీలోంచి కొండను చూస్తూ అసహనంగా కదులుతున్నాడు, కానీ నోరు విప్పలేదు. ఓడ తప్పుదారిన పోయింది. తర్వాత సమీక్షలో ఎందుకు చెప్పలేదని అడిగితే ‘ఇంగ్లీషులో ఎలా చెప్పాలో కూర్చుకుంటున్నాను సర్, ఈలోపు అయిపోయింది’ అన్నాడు. అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి: రేడియోలో, ఆజ్ఞల్లో ఇంగ్లీషు తప్ప మరో మాట వినిపించకూడదు, సమీక్ష మాత్రం మొదటి వారం తెలుగులో. ఏం గమనించారో ముందు బయటికి రావాలి, తర్వాత దాన్ని మూడు మాటల ఇంగ్లీషులోకి కుదించి పదిసార్లు పలికిస్తాం. కొన్ని సంస్థలు దీన్ని ఒప్పుకోవు. మీ ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడుకోండి.

సమీక్షకు అభ్యాసమంత సమయం ఉంచండి. రికార్డింగు వినిపించి బోధకుడు నోరు కట్టుకోవాలి. తన ‘యెస్, యెస్, ఓకే’ తానే విన్నాక ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఎక్డిస్‌కు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ మోడల్ కోర్సు 1.27 ఉంది, నలభై గంటలు. ఇంగ్లీషుకు 3.17. ఆమోదం పొందిన కోర్సు గంటల్లో కోత పెట్టకండి, డీజీ షిప్పింగ్ (కేంద్ర నౌకాయాన నియంత్రణ సంస్థ) తనిఖీలో ఇబ్బంది పడతారు; లోపల అభ్యాసాల అమరిక మాత్రం మీ చేతిలో ఉంటుంది. యాజమాన్యం అభ్యంతరపెడితే ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణపై అంతర్జాతీయ ఒప్పందం) పట్టిక ఏ-2/1 చూపించండి: వాచ్ అధికారికి ఉండాల్సిన సామర్థ్యాల్లో ఎక్డిస్, ఈ ప్రామాణిక వాక్యాలు ఒకే పట్టికలో ఉన్నాయి. ఇంకొకటి, మీ కోర్సు సాధారణ ఎక్డిస్ శిక్షణ మాత్రమే. ఓడ మీద ఏ కంపెనీ యంత్రం ఉంటే దాని మెనూలను విడిగా తెలుసుకోవాలి, ఈ మాట విద్యార్థులకు మొదటి రోజే చెప్పండి.

ఓడ ఎక్కలేదన్న బెంగకు చిన్న ఉపాయం. మీ సంస్థ తరఫున రేవు అధికారులకు ఉత్తరం రాసి, ఒక పూట పైలట్ బోటులో వెళ్లడానికి అనుమతి అడగండి. దొరక్కపోతే కనీసం ఎక్డిస్ బోధకుడి క్లాసులో విద్యార్థిగా అయిదు రోజులు వెనక బెంచీలో కూర్చోండి, ఆయన మీ క్లాసులో కూర్చోవాలి. మీకు అర్థం కాని ప్రతి మాటకూ చేయి ఎత్తండి. అధ్యాపకురాలే ‘సే అగైన్’ అనడం పిల్లలు చూస్తారు. మా దగ్గర ఆ వారం సగానికే ముందు బెంచీల్లోంచి కూడా చేతులు లేచాయి.