రేక్ ఎక్కడుందో చెప్పుకోండి, మీ రేటు మాత్రం గ్రూపులో పెట్టకండి

సందేహం: సార్, మాది కడప. గూడ్స్ షెడ్‌లో ఎరువుల రేక్‌లు (సరుకు వ్యాగన్ల వరుస, అంటే గూడ్స్ రైలు) దించి, లారీలకెత్తి గోడౌన్లకు తోలే హ్యాండ్లింగ్ కాంట్రాక్టు మాది. నాన్న తర్వాత నేను చూసుకుంటున్నాను. ఇదే పని చేసే మరో నలుగురు వాట్సాప్ గ్రూపు పెట్టి నన్నూ చేర్చారు. మొదట్లో రేక్ ఎక్కడి దాకా వచ్చింది, హమాలీలు దొరికారా అని మాత్రమే మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఏ కంపెనీకి టన్నుకు ఎంత కోట్ చేస్తున్నామో పెట్టమంటున్నారు. వచ్చే నెలలో ఒక ఎరువుల కంపెనీ టెండర్ ఉంది. ఒకాయన మా పార్టీ (మాకు పని ఇచ్చే కంపెనీ) ఆర్.ఆర్., అంటే సరుకుకు రైల్వే ఇచ్చే రసీదు, ఫొటో కూడా అడిగాడు. కాగితం మీద ఒప్పందమేమీ లేదు కదా, అయినా తప్పవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అవుతుంది. కాగితం లేదన్న ధైర్యం ముందు వదిలేయండి. 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో ఒప్పందం అంటే రాతకోతలే కానక్కర్లేదు, నోటిమాటైనా, లోపాయికారీ అవగాహనైనా ఒప్పందమే. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు కలిసి రేట్లు నిర్ణయించుకోవడం, పార్టీలను పంచుకోవడం, టెండర్లలో కూడబలుక్కోవడం సెక్షన్ 3(3) కిందికి వస్తాయి. వీటివల్ల పోటీ దెబ్బతిన్నట్టే చట్టం ముందుగా భావిస్తుంది, కాదని చూపించుకోవలసిన భారం మీ మీదే పడుతుంది.

అలాగని గ్రూపు మొత్తం తప్పు కాదు. రేక్ గుంతకల్లు దాటిందా, ఎన్ని వ్యాగన్లు, షెడ్‌లో ఎప్పుడు ప్లేస్ చేస్తారు, వేబ్రిడ్జి పనిచేస్తోందా, ఇవాళ హమాలీలు ఎంతమంది వచ్చారు, ఇవన్నీ నిశ్చింతగా చెప్పుకోండి. వ్యాగన్లు సమయానికి ఖాళీ కాకపోతే డెమరేజ్, సరుకు షెడ్‌లోనే ఉండిపోతే వార్ఫేజ్ కట్టాలి. అది దండగ ఖర్చు కాబట్టి ఈ కబుర్లు ఒకరికొకరు చెప్పుకోవడం అందరికీ మేలే. కానీ అదే గ్రూపులో "ఆ కంపెనీ పని నువ్వు చూసుకో, ఈ కంపెనీ జోలికి రాకు" అని ఒక్క మాట పడితే అది మార్కెట్ పంచుకోవడమే. మీరు రేటు పెట్టకుండా అవతలివాళ్ల రేట్లు చదువుతూ ఊరుకున్నా చిక్కే, ఎందుకంటే రేపు మీ టెండర్ ఆ రేటు చూసి వేసింది కాదని నిరూపించుకోవడం చాలా కష్టం.

రైల్వేకు సంబంధించిన ఉదాహరణే చెబుతాను. రైలు పెట్టెలకు బ్రష్‌లెస్ డీసీ ఫ్యాన్లు సరఫరా చేసే మూడు సంస్థలు టెండర్లలో కూడబలుక్కున్నాయని, ఈ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్ 2017 జనవరిలో తేల్చింది. అక్కడ సాక్ష్యాలుగా నిలిచినవి ఫోన్ కాల్స్, ఈమెయిళ్లే. అందులో ఒక సంస్థ తానే వెళ్లి నిజం చెప్పినందుకు దాని జరిమానాలో 75 శాతం తగ్గించారు. ఇలా ముందుకొచ్చే అవకాశం సెక్షన్ 46లో ఉంది, అందరికన్నా ముందు వెళ్లినవారికి ఎక్కువ తగ్గుతుంది.

జరిమానా సంగతి వింటే మీకు విషయం అర్థమవుతుంది. కార్టెల్ (పోటీదారుల కుమ్మక్కు) అని తేలితే అది నడిచిన ప్రతి ఏడాదికీ ఆ ఏటి లాభానికి మూడు రెట్ల వరకు, లేదా టర్నోవర్‌లో 10 శాతం వరకు, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత వేయవచ్చు. మీ పనిలో టర్నోవర్ పెద్దది, చేతికి మిగిలేది కొంచెం. పది శాతం అంటే ఆ ఏడు సంపాదించిందంతా ఇచ్చినా చాలకపోవచ్చు. పైగా ఇది కడప కోర్టులో తేలే వ్యవహారం కాదు, సివిల్ కోర్టులకు ఇందులో అధికారం లేదు, కమిషన్ ఉన్నది ఢిల్లీలో. 2023 సవరణ తర్వాత, అదే వ్యాపారంలో లేకపోయినా ఇలాంటి ఒప్పందం సాగడానికి తోడ్పడినవాళ్లనూ అందులో భాగస్తులుగానే చూడవచ్చు. మీ గ్రూపు నడిపేది ఏ బ్రోకరో అయితే ఈ మాట ఆయనకూ చెప్పండి.

"లారీల అసోసియేషన్ వాళ్లు రేట్లు బోర్డు మీదే రాసి పెడుతున్నారు కదా" అంటారేమో. సెక్షన్ 3(3)లో అసోసియేషన్ల పేరు కూడా ఉంది, వాళ్లు చేస్తున్నారన్నది మీకు రక్షణ కాదు.

ఇక ఆర్.ఆర్. విషయం. 1989 నాటి రైల్వే చట్టం సెక్షన్ 74 ప్రకారం సరుకు అందుకోవలసినవారికి గాని, ఆర్.ఆర్. ఎవరి పేరున ఎండార్స్ చేస్తే (వెనుక రాసి ఇస్తే) వారికి గాని దాన్ని అప్పగిస్తే సరుకు మీద హక్కు వారికి వెళ్తుంది. ఫొటోతో ఆ హక్కు రాదు, నిజమే. కానీ అందులో సరుకు పంపినవారు, అందుకోవలసినవారు, ఎంత బరువు, ఎంత ఫ్రెయిట్ (రైలు కిరాయి), అన్నీ కనిపిస్తాయి. అది మీ పార్టీ మిమ్మల్ని నమ్మి చూపించిన వివరం. వాళ్ల అనుమతి రాతపూర్వకంగా లేకుండా పోటీదారుకు పంపితే, మీ కాంట్రాక్టులో గోప్యత షరతు ఉంటే అది ఉల్లంఘనే, నష్టపరిహారం అడుగుతారు. లాగిన్, పాస్‌వర్డ్ లాంటివి అసలే ఇవ్వకండి.

గ్రూపులోంచి చప్పుడు లేకుండా జారుకోకండి. "రేట్ల మీద, టెండర్ల మీద నేను మాట్లాడను, ఇక్కడ పెట్టకండి" అని స్పష్టంగా రాసి, స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, అప్పుడు బయటికి రండి. పాత మెసేజ్‌లు డిలీట్ చేయకండి, సాక్ష్యం చెరిపేశారన్న మాట అసలు తప్పు కన్నా బరువైపోతుంది. రేక్ కబుర్లు కావాలంటే వాటికే వేరే గ్రూపు పెట్టుకోండి. అంత పెద్ద పని ఒక్కరివల్ల కాదనుకుంటే, టెండర్ షరతులు ఒప్పుకున్న చోట ఇద్దరు కలిసి కంపెనీకి చెప్పి బాహాటంగా ఉమ్మడి బిడ్ వేయవచ్చు, అది వేరే సంగతి.

వచ్చే నెల టెండర్‌లో వేసే అంకె మీ ఆఫీసు గడప దాటకూడదు. ఇప్పటికే గ్రూపులో మీ రేటు పెట్టి ఉంటే, ఏ తేదీన ఏం రాశారో అంతా పట్టుకుని టెండర్ వేయకముందే వచ్చి కలవండి.