ఓర్క్‌కి ఒక పేరు పెట్టు

తమ్ముడికి,

నీ గేమ్ కోసం రాసిన కథ రెండుసార్లు చదివాను. కోటలు, పాత పగలు బాగా కుదిరాయి. ఓర్క్‌లనే రాక్షసజాతి దగ్గరికొచ్చేసరికి మాత్రం "వీళ్లు పుట్టుకతోనే దుర్మార్గులు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ తర్వాత మూడు వందల మందిని చంపించావు. ఒక్కడికీ పేరు లేదు.

తప్పంతా నీదే అనను, ఈ అలవాటు పాతదే. బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్రగా కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో వచ్చినప్పుడు అలైన్‌మెంట్లు, అంటే పాత్ర స్వభావానికి వేసే ముద్రలు, మూడే: లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (మధ్యస్థం), కేయాస్ (కట్టుబాటు లేకపోవడం). తర్వాత మంచీ చెడూ కూడా కలిసి, 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి తొమ్మిదయ్యాయి. జాతినంతా ఒకే గాటన కట్టేస్తే ఆట నడిపేవాడికి సుఖం. కత్తి దూసే ముందు ఎవరూ ఆలోచించక్కర్లేదు.

ఒక తమాషా చెప్పనా? ఆ ఆటలోని జీవుల వివరాలుండే 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఓర్క్ లాఫుల్ ఈవిల్. చెడ్డవాడే గానీ, కట్టుబాటు తెలిసినవాడు. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి కట్టుబాటే లేని కేయాటిక్ ఈవిల్ అయిపోయాడు, అదీ 'చాలావరకు' అన్న మినహాయింపుతో. రక్తంలోనే ఉందన్న గుణం ఎడిషన్ మారితే మారిపోయింది!

నేను నడిపిన ఒక ఆటలో వంతెన కాపలా ఓర్క్ దొరికిపోయాడు. చేతులు కట్టేశారు. "చంపితే చంపండి, ముందు ఆ గంట ఒక్కసారి కొట్టనివ్వండి" అన్నాడు. గంట మోగితే గుడిసెల్లో పిల్లలు తప్పించుకుంటారు, సైన్యమూ లేస్తుంది. బల్ల చుట్టూ అరగంట వాదన. లాఫుల్ గుడ్ (కట్టుబాటున్న మంచివాడు) అని రాసుకున్న పాలడిన్, అంటే ధర్మవీరుడి పాత్ర, చంపేద్దామన్నాడు, దొంగ పాత్ర వెళ్లి కట్లు కోసింది. "అసలు వీడి అలైన్‌మెంట్ ఏంటి?" అని ఒకరు నన్నడిగారు. నేను రాసుకోనేలేదు.

అందుకే చెప్తున్నా, ఆ అలైన్‌మెంట్ గడి చివర్న నింపు, అదీ పెన్సిల్‌తో. నీ ఓర్క్ దేనికి భయపడతాడు, ఆకలితో చస్తున్నా ఏ పని చెయ్యడు, ముందు అవి తేల్చుకో. లేకపోతే "నాది కేయాటిక్ న్యూట్రల్, అందుకే స్నేహితుడి సంచి కొట్టేశా" అనే ఆటగాళ్లు తయారవుతారు. వాళ్లతో నేను చాలా పడ్డాను. చెడుతోనే తయారైన పాతాళ భూతాల సంగతి వేరు, వాటిని అలాగే ఉంచుకో.

మూడో అధ్యాయంలో కోట తలుపు దగ్గర ఒకడు చెప్పు తాడు ముడేసుకుంటూ బాణం తగిలి పడిపోతాడు చూడు, వాడికి పేరు పెట్టి ఆ అధ్యాయం మళ్లీ పంపు.

మీ అన్నయ్య