పాపకు వరూధిని పేరు: ‘ధ’నా, ‘థ’నా?

పాపకు వరూధిని అని పెడదామంటే ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారని, పైగా ‘ధ’నా ‘థ’నా తేలడం లేదని రాశారు. సంస్కృతంలో వరూథిని. వరూథం అంటే రథానికి దెబ్బ తగలకుండా కట్టే మరుగు. అవి ఉన్నది వరూథిని, అంటే సేన. తెలుగులో ‘ధ’గా స్థిరపడింది, తప్పు పట్టక్కర్లేదు. చైత్ర బహుళ ఏకాదశిదీ ఇదే పేరు.

పెద్దల అభ్యంతరం బహుశా మనుచరిత్ర కావ్యంలోని కథ వల్ల: అందులో వరూధినిని ఆమె వలచిన ప్రవరుడు కాదన్నాడు, అతని రూపంలో వచ్చిన గంధర్వుడు, అంటే మాయాప్రవరుడు, మోసగించాడు. ఆ కావ్యానికి పేరు తెచ్చిన స్వారోచిష మనువుకు ఆవిడ స్వయానా నానమ్మ అని మాత్రం ఎవరూ గుర్తుచెయ్యరు! నక్షత్రం చూస్తే, ‘వ’ రోహిణి రెండో పాదం.

ఇంగ్లిష్ స్పెల్లింగులో టీహెచ్ వద్దు, మనవాళ్లే ‘వరూతిని’ అని చదువుతారు. డీహెచ్ పెట్టి, జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ రాయించండి.