బొగ్గు నుంచి మిథేన్: నానో ఇనుము లెక్క

ప్రశ్న: 160 మి.లీ. సీరం సీసాలో సింగరేణి బొగ్గు పొడి 2 గ్రాములు, పోషక ద్రావణం 95 మి.లీ., సూక్ష్మజీవుల కోసం గోబర్ గ్యాస్ స్లర్రీ 5 మి.లీ. పోసి 35 డిగ్రీల దగ్గర 45 రోజులు ఉంచాను. అర గ్రాము నానో ఇనుము (అతి సూక్ష్మమైన ఇనుప రేణువుల పొడి) వేసిన సీసాలో, వేయనిదానికంటే మిథేన్ 40 మి.లీ. ఎక్కువ వచ్చింది. బొగ్గు బాగా విచ్ఛిన్నమైనట్టేనా?
- ఎమ్మెస్సీ విద్యార్థిని, కొత్తగూడెం

జవాబు: అప్పుడే ఆ మాట అనకండి. ఆ 40 మి.లీ. మొత్తం ఇనుము నుంచే వచ్చి ఉండవచ్చు. గాలి లేని నీటిలో ఇనుము తుప్పు పడుతూ హైడ్రోజన్‌ను వదులుతుంది. మిథేన్ చేసే సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మిథేన్‌గా మారుస్తాయి. నాలుగు మోల్‌ల ఇనుముకు ఒక మోల్ మిథేన్. అంటే గది వేడిలో గ్రాము ఇనుముకు సుమారు 110 మి.లీ. మీరు వేసిన అర గ్రాముకు 55 మి.లీ. దాకా రావచ్చు. బొగ్గుతో పని లేకుండానే మీ 40 మి.లీ.కి లెక్క సరిపోతుంది.

కాబట్టి ఇనుము తగ్గించండి. సీసాకు 10 మి.గ్రా. చాలు, దాని సొంత వాటా 1.1 మి.లీ. దాటదు. ఇనుము లేని బొగ్గు సీసాతో పాటు పక్కనే ఈ సీసాలు తప్పక పెట్టండి: బొగ్గు లేకుండా స్లర్రీ, ఇనుము కలిపినది; స్లర్రీ ఒక్కటే ఉన్నది (దానిలోని పేడ కూడా మిథేన్ ఇస్తుంది); బొగ్గుతో, నానో ఇనుముకు బదులు అదే బరువు ఇనుము ఉండేలా ఫెర్రస్ క్లోరైడ్ (నీటిలో కరిగే ఇనుప లవణం) వేసినది; ఆటోక్లేవ్ చేసి (పీడనంతో కూడిన ఆవిరిలో ఉంచి) సూక్ష్మజీవులను చంపినది. ఒక్కోటి మూడేసి. బొగ్గు, ఇనుము కలిసిన సీసాలో వచ్చిన మిథేన్, ఆ రెండూ విడివిడిగా ఇచ్చినదాని మొత్తాన్ని (రెండుసార్లు లెక్కకొచ్చే స్లర్రీ వాటా ఒకసారి తీసేసి) స్పష్టంగా దాటితేనే నానో రేణువులు బొగ్గుపై పని చేశాయనాలి. ఫెర్రస్ క్లోరైడ్ సీసా కూడా అంతే ఇస్తే, సూక్ష్మజీవులకు కావలసింది కరిగిన ఇనుమే తప్ప నానో పరిమాణం కాదు.

వాయువులో మిథేన్ శాతం చూసి మోసపోకండి. ఇనుము వల్ల పీహెచ్ పెరిగి కార్బన్ డయాక్సైడ్ ద్రావణంలోకి పోతుంది, మిథేన్ పెరగకపోయినా దాని శాతం పెరుగుతుంది. ముందు సీసా పీడనం కొలిచి, ఆ తర్వాతే సిరంజితో నమూనా తీసి మిల్లీమోల్‌లలో లెక్కకట్టండి. చివర్లో పీహెచ్ కూడా చూడండి. 8 దాటితే చాలా మిథనోజెన్‌లు (మిథేన్ చేసే సూక్ష్మజీవులు) మందగిస్తాయి.

నానో ఇనుము పొడిని గాలిలో తెరవకండి, మంట అంటుకోవచ్చు. నత్రజని నింపిన గ్లవ్ బాక్స్‌లో తూచి, ఆక్సిజన్ తీసేసిన నీటిలో కలిపి, వాడే ముందు అల్ట్రాసోనిక్ బాత్‌లో ఉంచితే ముద్ద కట్టడం తగ్గుతుంది. ఇథనాల్‌లో మాత్రం కలపకండి. ఒక్క చుక్క, అంటే 0.05 మి.లీ., పూర్తిగా మారితే 32 మి.లీ. మిథేన్ అవుతుంది!

ప్రశ్న: ఇనుముకు బదులు నికెల్, కోబాల్ట్ నానో రేణువులు మేలా?

జవాబు: మిథేన్ తయారీ చివరి మెట్టులో పనిచేసే ఎంజైమ్‌కు నికెల్ ఉన్న ఎఫ్430 అనే సహాయక అణువు కావాలి. మిథైల్ సముదాయాన్ని అందించే ఎంజైమ్‌లకు కోబాల్ట్ కావాలి. అయితే అవసరం అతి తక్కువ, మామూలు పోషక ద్రావణంలోనే అది ఉంటుంది. అసలు లోటు ఉందో లేదో ముందు నికెల్ క్లోరైడ్‌తో తేల్చుకోండి. ఆక్సిజన్ తొలగించడానికి సోడియం సల్ఫైడ్ ఎక్కువ వేస్తే ఈ లోహాలు సల్ఫైడ్‌లుగా అడుగున పడిపోతాయి, సీసా నల్లబడుతుంది. ఎక్కువైన నికెల్ విషమే. వెండి, రాగి, జింక్ ఆక్సైడ్ జోలికి పోకండి, వాటి అయాన్‌లు సూక్ష్మజీవులను చంపుతాయి.

ప్రశ్న: ఈ నానో రేణువులను నేరుగా భూమిలోని బొగ్గు పొరలోకి పంపవచ్చా?

జవాబు: బొగ్గు పొరలోని సన్నటి పగుళ్లలో రేణువులు ముద్దకట్టి, బోరు దగ్గరే ఆగిపోతాయి. నీరు నడిచే దారినీ మూసేస్తాయి. కరిగే లవణాలు అంతకంటే దూరం వెళ్తాయి. మా సలహా అయితే, ముందు సన్నని గొట్టంలో బొగ్గు ముక్కలు నింపి నీటితో పాటు రేణువులను పంపి, రెండో చివర ఎంత ఇనుము బయటికి వచ్చిందో కొలవండి.