స్టీరింగ్ ముందు కూర్చున్న రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన యాత్రాకథనం అందింది. తీరిగ్గా రెండుసార్లు చదివాను. ఇటలీలోని టురిన్‌లో చదువుకుంటున్న నలుగురు తెలుగు స్నేహితులు అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే చిన్న కారు అద్దెకు తీసుకుని, సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని ఆల్బా పట్టణానికి వెళ్లి, అక్కడి నుంచి బార్బరెస్కో, బరోలో, లా మొర్రా, సెర్రాలుంగా ఊళ్లున్న లాంగే కొండల మీద రెండు రోజులు తిరిగి, ఆదివారం రాత్రికి గదులకు చేరుకున్న సంగతి అందులో ఉంది. "నిర్మొహమాటంగా చెప్పండి మాస్టారూ" అని రాశావు కాబట్టి, చదువుతూ చదువుతూ నేను ఆగిపోయిన వాక్యం దగ్గరే మొదలుపెడతాను.

బరోలోలో ఒక వైన్ తయారీశాలవారు మీకు రుచి చూపించిన సందర్భంలో "ఆ వైన్ నాలుక మీద పట్టులా జారింది" అని రాశావు. నాలుగు పేజీల తర్వాత, నీకు ఇటలీలో లైసెన్సు వచ్చి ఏడాదిన్నరే అయిందనీ, లైసెన్సు పుచ్చుకున్న మొదటి మూడేళ్లూ బండి నడిపేవారి రక్తంలో మద్యం జాడ కూడా ఉండకూడదని అక్కడి చట్టం చెబుతుందనీ, అందుకని ఆ రెండు రోజులూ గ్లాసును పెదవికి తాకించలేదనీ నువ్వే రాశావు. అలాంటప్పుడు పట్టులా జారింది ఎవరి నాలుక మీద? ఆ వాక్యం ఎక్కడో చదివింది, నీది కాదు. పైగా అది నిజం కూడా కాదు. ఆ ఊరి పేరుతోనే పిలిచే బరోలో వైన్ అచ్చంగా నెబ్బియోలో అనే ఒక్క ద్రాక్షతోనే తయారవుతుంది. ఆ పండు తొక్కలోనూ గింజలోనూ ఉండే వగరు ఎంత గట్టిదంటే, కోత జరిగిన ఏడాది నవంబరు నుంచి లెక్కపెట్టి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, నిలవ ఉంచితే తప్ప దానికి బరోలో అని పేరు పెట్టనివ్వరు. అంత కాలం ఆగిన తర్వాత కూడా లేత బరోలో జారదు, నోటిని పట్టేస్తుంది. దోసెడు నేరేడుపళ్లు తిన్నాక నాలుక పిడచకట్టుకుపోతుందే, ఆ అనుభవానికి దగ్గరగా ఉంటుంది. వగరు అనే మాట మన నాలుకకు పుట్టుకతో తెలిసిన మాట. పచ్చి అరటికాయ, కరక్కాయ, వక్క, లేత జామపిందె, ఇన్నింటి వగరులో తేడాలు తెలిసిన భాషలో రాస్తూ, అరువు తెచ్చుకున్న పట్టు మనకెందుకమ్మా?

ఈ సంగతి ఇంత నొక్కి చెప్పడానికి కారణముంది. ముప్ఫై ఏళ్ల కిందట హైదరాబాదు శివార్లలోని ఒక అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోట గురించి ఒక పత్రికకు వ్యాసం రాశాను. తోటకు నిజంగానే వెళ్లాను, కానీ వెళ్లింది జూన్ నెలలో. పందిరి మీద ఆకులు, కొత్త తీగలు తప్ప ఏమీ లేవు. వ్యాసానికి నిండుదనం చాలదనిపించి, పందిరి కింద తలకు తగిలేలా వేలాడుతున్న పసుపుపచ్చని గుత్తులను వర్ణించాను. వ్యాసం అచ్చయిన వారానికి ఒక రైతు కూతురు రాసిన కార్డు వచ్చింది: "కోత ఏప్రిల్‌కల్లా అయిపోతుంది కదండీ, జూన్‌లో మీకు గుత్తులెక్కడ కనిపించాయి?" అంతే ఉంది అందులో. ఆ వ్యాసంలో నేను కళ్లారా చూసి రాసినవి చాలా ఉన్నాయి. పందిరి రాతిస్తంభాలు, తీగను కట్టే నారముడి, అన్నీ నిజమే. ఆ ఒక్క గుత్తి కారణంగా ఆమె వాటిలో దేన్నీ నమ్మలేదు, నమ్మవలసిన అవసరమూ లేదు. ఆ కార్డును ఈనాటికీ దాచుకున్నాను.

నీకు గుత్తులు కల్పించవలసిన పని లేదు. నలుగురిలో తాగనిదానివి నువ్వొక్కదానివే. అందుకే అందరికంటే ఎక్కువ చూసినదానివి కూడా నువ్వే. నీ గ్లాసులోకీ రెండు గుక్కలు పోశారనీ, దాన్ని వెలుతురుకు పట్టి చూసి, వాసన చూసి, పక్కవాడికి ఇచ్చేశావనీ ఒకే ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. నాకు అక్కడ ఒక పేజీ కావాలి. బరోలో రంగు చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు, ఇంత పేరున్న వైన్ చిక్కగా నల్లగా ఉంటుందనుకుంటే, గ్లాసుకు అవతల పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపించేంత పలచగా ఉంటుంది, వయసు మీరే కొద్దీ అంచు ఇటుకరంగుకు తిరుగుతుంది. నీకూ అలాగే కనిపించిందా? వాసన గురించి ఎండిన గులాబీ, తారు అని రాశావు. ఆ రెండు మాటలూ నెబ్బియోలో గురించి రాసినవాళ్లందరూ వాడినవే, తప్పని అనను, కానీ గ్లాసులో ముక్కు పెట్టిన ఆ క్షణంలో నీకు గుర్తొచ్చింది ఏమిటి? పెళ్లిపందిట్లో మర్నాటి పొద్దున వాడిపోయిన దండా, నాన్నగారి పాత బీరువానా, వాన వెలిసిన రోడ్డా? ఏమీ గుర్తు రాకపోతే రాలేదనే రాయి. ఆ తర్వాత, తాగిన ముగ్గురి ముఖాలు చూడు. వారిలో ఒకడు మొదటి గుక్క మింగి, నాలుకను రెండుమూడుసార్లు అంగిలికి ఆనించి చూసుకుని, "ఇది బాగుందనాలా?" అని తెలుగులో నిన్నడిగాడని ఉత్తరంలో రాశావు, కథనంలో రాయలేదు. పట్టు కంటే ఆ ప్రశ్న ఎన్నో రెట్లు మేలు.

బండి నడిపేవారి కంటికి మాత్రమే కనిపించేవి మరికొన్ని ఉన్నాయి. కొండదారిలో మలుపు తిరిగినప్పుడల్లా ఒక పక్క ద్రాక్షతోటా, మరోపక్క హేజెల్‌నట్ చెట్లో అడవో వచ్చాయని రాసి, "ఎటు చూసినా స్వర్గమే" అని ముగించావు. అలా ఎందుకు వచ్చాయో ఆలోచించావా? దక్షిణానికి తిరిగి ఎండ నిండుగా పడే వాలును అక్కడి పల్లెభాషలో సోరీ అంటారు. చలికాలం చివర్లో మంచు ముందుగా కరిగేది అక్కడే, కాబట్టి ఆలస్యంగా పండే నెబ్బియోలోకు పాత రైతులు ఆ వాలునే కేటాయించారు. మిగిలిన వాలుల్లో తొందరగా పండే డోల్చెట్టో, బార్బెరా అనే ద్రాక్షలు వేశారు. ఎండ తగలని ఉత్తరపు వాలును హేజెల్‌నట్‌కూ అడవికీ వదిలేశారు. నువ్వు స్టీరింగ్ తిప్పిన ప్రతి మలుపులోనూ సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో నీకు తెలిసే ఉంటుంది, కళ్లలో పడే ఎండకు అద్దం మీది రేకును ఎన్నిసార్లు దించావో ఎన్నిసార్లు ఎత్తావో కూడా గుర్తుండే ఉంటుంది. ఆ చేతికదలికతోనే ఆ కొండల వ్యవసాయాన్నంతా చెప్పవచ్చు. మన పందిరికీ వారి వరసలకూ తేడా కూడా అక్కడే ఉంది. ఇక్కడ మండే ఎండ నుంచి కాయను ఆకునీడలో దాచుకోవడానికి తీగను తలమీదికి పాకిస్తాం. అక్కడ దొరికిన కాస్త ఎండనూ కాయకు అందించడానికి తీగను నిలువుగా, కంచెలా, వాలుకు అడ్డంగా కడతారు. ఈ పోలిక నీ తెలుగు పాఠకుడికి బొమ్మకంటే బాగా ఉపకరిస్తుంది.

స్వర్గం అనే మాటను నాలుగుసార్లు, చిత్రపటం అనే మాటను మూడుసార్లు వాడావు. నాలుగూ మూడూ తీసేయి. 2014లో యునెస్కో ఆ కొండలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ప్రకృతి సౌందర్యానికి కాదు, తరతరాలుగా మనుషులు చేసిన పనికి. ఆ మనుషులు రెండు తరాల కిందటి వరకూ నిరుపేదలు. బార్బరెస్కో గురించి "చిన్న ఊరు, ఒక పాత బురుజు, కింద తనారో నది" అని ఒక్క ముక్కలో చెప్పి బరోలోకు పరిగెత్తావు. ఆ ఊళ్లో 1894లోనే ఆల్బా వైన్ పాఠశాల అధిపతి డొమిజియో కవాజ్జా తొమ్మిదిమంది రైతులను కూడగట్టి సహకార తయారీశాల పెట్టించాడు. ఫాసిస్టుల కాలంలో అది మూతపడింది. మళ్లీ 1958లో ఊరి చర్చి ఫాదరు, పొలం అమ్ముకుని వలసపోతున్న చిన్న రైతులను చూడలేక, 19 కుటుంబాలను ఒక్కచోట చేర్చాడు. మొదటి మూడేళ్ల వైన్‌ను వాళ్లు చర్చి నేలమాళిగలోనే తయారుచేశారు. ఆ సహకార సంఘం ఈనాటికీ అదే ఊళ్లో, ఆ చర్చి ఎదుటే ఉంది. నువ్వు కారు నిలిపిన చోటి నుంచి నాలుగడుగులు కూడా ఉండదు.

ఆల్బాలోకి రాగానే గాలిలో వేయించిన గింజల వాసన వచ్చిందని ఒక మంచి వాక్యం రాశావు, కానీ దాన్ని ఒంటరిగా వదిలేశావు. ఆ వాసన మిఠాయి కర్మాగారానిది. యుద్ధం తర్వాత కోకో దొరకని రోజుల్లో ఆ ఉత్తరపు వాలుల హేజెల్‌నట్‌నే చాక్లెట్‌లో కలిపి, 1946లో ఆల్బాలో మొదలైన ఫెర్రెరో కంపెనీ, కొండల మీది పల్లెలకు బస్సులు పంపి పనివాళ్లను తెచ్చుకునేది, సాయంత్రం తిరిగి ఇళ్లకు చేర్చేది. పగలు కర్మాగారంలో జీతం సంపాదించి, మిగిలిన వేళల్లో తోట చూసుకోగలిగారు కాబట్టే ఎన్నో కుటుంబాలు ఆ నేల అమ్ముకోకుండా నిలబడ్డాయి. చూశావా, నీ ముక్కుకు తగిలిన వాసనకూ నీ కంటికి కనిపించిన తోటకూ మధ్య ఎంత దగ్గర చుట్టరికమో.

ట్రఫుల్ అనే, నేలలోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగుల సంత మీద రాసిన రెండు పేజీలూ తీసేయవచ్చు. అక్కడ నీకు ధరలు తప్ప మరేమీ పట్టలేదు.

ఇక "మేము" గురించి. వెళ్లాము, చూశాము, తిన్నాము, ఎక్కాము, దిగాము అని వరసగా పద్నాలుగు వాక్యాలున్న పేరా ఒకటి నీ కథనంలో ఉంది. "మేము" అన్న మాట నలుగురినీ ఒకే దుప్పటి కింద కప్పేస్తుంది. స్నేహితులతో చేసిన ప్రయాణమని పేరు పెట్టి, స్నేహితులు ఎవరో చెప్పకపోతే పాఠకుడు ఆ కారులో ఎవరి పక్కన కూర్చోవాలి? ముందుసీటులో మ్యాపు చూసి దారి చెప్పినది ఎవరు, వెనకసీటులో మలుపులకు వాంతి వస్తుందని కిటికీ దించినది ఎవరు, ఉద్యోగం రాలేదన్న సంగతి రెండు రోజులపాటు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఎవరు? ఆ చివరి సంగతినీ నువ్వు ఉత్తరంలోనే రాశావు. అతని అనుమతి అడిగి, పేరు మార్చి, కథనంలోకి తీసుకురా. అనుమతి ఇవ్వకపోతే ఆ మాటను విడిచిపెట్టి, అతని మౌనాన్ని మాత్రం ఉంచు. కోతకు వచ్చిన కూలీల విషయంలోనూ ఇంతే. సెర్రాలుంగా దిగువన ఆదివారం కూడా ఎర్ర డబ్బాలు మోస్తున్నవారిని చూశానన్నావు. ఆ కొండల్లో కోతపనికి ఉత్తర మాసిడోనియా వంటి దేశాల నుంచి ఎందరో వస్తారు, కానీ నువ్వు చూసినవారిని పలకరించలేదు కనుక వాళ్లెక్కడివారో ఊహించి రాయవద్దు. డబ్బా రంగు, నడుము వంపు, కారు చప్పుడుకు తలెత్తి చూసినది ఒక్కరేనన్న సంగతి, అవి చాలు.

తిరిగి రాసేటప్పుడు ఆల్బా చేరడంతో కాక ఆదివారం సాయంత్రంతో మొదలుపెట్టమని నా సూచన. లా మొర్రా నుంచి దిగుతుండగా పొగమంచు కమ్మేసి, లైటు వెలుగు అడుగుదూరంలోనే చెదిరిపోయి, దారి అంచు కనిపించక నువ్వు బండి ఆపేశావనీ, అప్పుడు నీ స్నేహితుల్లో ఒకరు దిగి, ఫోను లైటు వెలిగించి కారు ముందు నడిచారనీ నీ ఉత్తరం చివర తాజాకలంలో ఉంది. ఆ ద్రాక్షకు నెబ్బియోలో అన్న పేరు పొగమంచుకు ఇటాలియన్‌లో ఉన్న నెబ్బియా అన్న మాట నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. నువ్వు ఆ మంచులోనే ఆగావు. ముందు నడిచినది ఎవరో, ఎంతదూరం నడిచారో, మిగిలిన ఇద్దరూ ఆ సేపు ఏం మాట్లాడుకున్నారో, స్టీరింగ్ మీద నీ చేతులు ఎలా ఉన్నాయో రాసి పంపు. సంక్రాంతి లోపల అందితే మళ్లీ చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు