నాన్న వీలునామా రాశారు, అయినా పద్నాలుగు నెలలు కోర్టుకి తిరిగాం

మీ నాన్నగారికి 76 ఏళ్లు, ఆమదాలవలస దగ్గర రెండెకరాల పల్లం, ఒక ఇల్లు, బ్యాంకులో డిపాజిట్లు ఉన్నాయన్నారు. మీరు ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. ఆయన తదనంతరం ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) అంటూ కోర్టు చుట్టూ తిరగకుండా ఇప్పుడే ఏం చేసుకోవాలని అడిగారు. నేను లాయర్ని కాను. విజయనగరంలో మా ఇంట్లో జరిగింది చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందు ప్రొబేట్ టెన్షన్ వదిలేయండి. 2025 చివర్లో ఎత్తేసేదాకా 1925 నాటి వారసత్వ చట్టం హిందువుల వీలునామాలకు ఆ నిర్బంధం పెట్టింది ముఖ్యంగా కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల హైకోర్టు పరిధికి. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కూడా శ్రీకాకుళం, విజయనగరం ఆ లెక్కలోకి రాలేదు. యూట్యూబ్‌లో చాలామంది ఈ ముక్క చెప్పకుండానే భయపెడతారు.

మనల్ని తిప్పేది సక్సెషన్ సర్టిఫికెట్, అంటే పోయినవాళ్ల డబ్బు ఎవరికి ఇవ్వాలో చెప్పే కోర్టు కాగితం.

నాన్న పోయాక ట్రంకుపెట్టె తీస్తే, పాత కరెంటు బిల్లుల కింద నాలుగు ఎఫ్‌డీ రసీదులు దొరికాయి. నాలుగింటి మీదా నామినీ మా నాయనమ్మ. ఆవిడ పోయి అప్పటికే పదకొండేళ్లు. గడువు తేదీ ఒక్కరోజు కూడా దాటనీయకుండా రెన్యువల్ చేయించిన మనిషి, ఆ పేరు గడి మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. వీలునామా ఉందని బ్యాంకులో చూపించాం. తెల్లకాగితం మీద రాసింది, రిజిస్టర్ కాలేదు. సాక్షుల్లో ఒకాయన నాన్న కంటే పెద్ద, ఆయనా పోయారు. రెండో ఆయన సూరత్‌లో కొడుకు దగ్గర ఉన్నారు. మేనేజరు మర్యాదగానే "కోర్టు నుంచి తెచ్చుకోండి" అన్నాడు. పిటిషను, పేపర్లో ప్రకటన, కోర్టు ఫీజు, వాయిదాలు, అక్క రెండుసార్లు హైదరాబాద్ నుంచి రావడం... మొత్తం పద్నాలుగు నెలలు. డబ్బు బ్యాంకులో ఉంది, అమ్మ బీపీ మాత్రలు మాత్రం నా జీతంలోంచి కొన్నాం.

కాబట్టి మీ నాన్నగారి చేత ఈ వారమే చేయించాల్సింది నామినీ ఫారం. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కి నలుగురి దాకా పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: నామినీ డబ్బు అందుకునే మనిషే గాని సొంతదారు కాదు, వారసులకి లెక్క చెప్పాల్సిందే. నామినీ లేకపోయినా 15 లక్షల లోపు అయితే వాణిజ్య బ్యాంకులు కోర్టు కాగితం అడక్కుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2025లో చెప్పింది. అప్పటికి మా పని కోర్టులోనే అయిపోయింది లెండి.

ఇల్లు, పొలానికి వీలునామా. స్టాంపు డ్యూటీ ఉండదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి. ఆయన బతికున్నంతకాలం మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. సాక్షులు ఇద్దరు ఉండాలి. వయసులో చిన్నవాళ్లని, ఊళ్లో ఉండేవాళ్లని, వాటా రానివాళ్లని చూడండి. రేపు తగువొస్తే కోర్టుకొచ్చి చెప్పాల్సింది వాళ్లే.

మా దెబ్బ చూశాక అమ్మ తన పేరున ఉన్న ఇంటికి వెంటనే రాయించింది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర పడలేదు. నలభై ఏళ్లు నాట్లు, కలుపులు చేసిన చేతులు, గీతలే మిగల్లేదు. తడిగుడ్డతో తుడిచి, చీర కొంగుతో ఒత్తి, ఒక్కో వేలూ మార్చి పెడితే ఎడమచేతి ఉంగరపు వేలు పట్టుకుంది. పెద్దవాళ్లని పొద్దున్నే, జనం రాకముందు తీసుకెళ్లండి.

ఇప్పుడే దాన సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తిని పిల్లల పేరుకి మార్చే దస్తావేజు) రాసేయమని మీకు ఎవరో చెప్పారన్నారు. తర్వాత మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) గొడవ తప్పే మాట నిజమే. కానీ ఒకసారి రాశాక మనసు మారినా వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. నేనైతే వద్దంటాను. తప్పదనుకుంటే ఆయన బతికున్నంతకాలం అనుభవ హక్కు ఆయనదేనని, మీరు ఆయన్ని చూసుకోవాలని దస్తావేజులోనే రాయించండి. పిల్లలు చూడకపోతే రద్దు కోరడానికి 2007 నాటి వృద్ధుల చట్టం 23వ సెక్షన్ ఉంది, దానికి ఆ షరతే బలం.

పొలం తాతలనాటిదా, ఆయన కొన్నదా అన్నది మీరు రాయలేదు. పిత్రార్జితమైతే తన వాటా వరకే వీలునామా రాయగలరు. అందులో మీ చెల్లెలికీ హక్కుంది. ఆడపిల్లలకి మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లి కాకుంటే, కొడుకులతో సమానంగా వాటా వచ్చింది, 2005లో దేశమంతా ఇచ్చారు. ఏ వీలునామా లేకపోయినా ఆయన సొంత ఆస్తిలో భార్యకీ, కూతురికీ కొడుకులతో సమాన వాటానే. అందుకని చెల్లెలికి చెప్పకుండా ఏదీ రాయించకండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి తహశీల్దారు ఆఫీసుకి వెళ్లినప్పుడు ఆవిడ పేరు ఎలాగూ వస్తుంది.

మాట ఎలా ఎత్తాలో తెలియట్లేదన్నారు కదా. మా మావయ్య దగ్గర వీలునామా అనగానే "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నార్రా" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం ఆ నాలుగు రసీదుల జిరాక్సులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. నాయనమ్మ పేరు చూసి చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పాస్‌బుక్కులన్నీ సంచిలో వేసుకుని, నన్ను బండి తీయమన్నాడు.