అర్ధరాత్రి స్లాట్ దొరికిన మేనల్లుడికి

చిన్నా,

శనివారం రాత్రి రెండింటి నుంచి ఆరింటి దాకా షో నీకిచ్చారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చెప్తూనే "వాడి నోరు నీకు తెలుసుగా, అక్కడ ఎవర్ని ఏమంటాడో ఏమో" అని కంగారుపడింది. నీ నోటి గురించి నాకు టెన్షన్ లేదురా. స్పోర్ట్స్ టాక్ రేడియోలో నోరులేనివాడికి అసలు పనే లేదు. నా టెన్షన్ ఏంటంటే, గట్టిగా అరవడమే ముక్కుసూటిగా మాట్లాడటం అనుకుని ఏడాదిలో కాలిపోయేవాళ్లని నేను చాలామందిని చూశాను. స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని కాల్స్ తీసుకుంటూ, హోస్టుల చెవిలో టైమ్ చెప్తూ నా ఉద్యోగజీవితం గడిచిపోయింది కాబట్టి, ఈ పని లోపల ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెప్తాను. నచ్చింది తీసుకో.

మొదట తిట్టడం గురించి. నువ్వు తిట్టాల్సిందే, టీమ్ చెత్తగా ఆడుతుంటే బాగానే ఆడారని చెప్పడానికి టీమ్‌కి జీతం తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు. కానీ తిట్టు వెనక సరుకుండాలి. 1980ల మొదట్లో ఇక్కడ అమెరికాలోనే, క్లీవ్‌లాండ్‌లో పీట్ ఫ్రాంక్లిన్ అని ఒకాయన రాత్రిపూట షో చేసేవాడు, పరమ నోటిదురుసు మనిషి. ఆ ఊరి బాస్కెట్‌బాల్ టీమ్ కావలియర్స్ ఓనర్ టెడ్ స్టెపియన్‌ని ఉతికి ఆరేసేవాడు. అయితే ఆ ఉతుకుడు గాల్లోంచి రాలేదు. ఆ ఓనర్ హయాంలో టీమ్ ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్స్‌ని, అంటే కొత్త ఆటగాళ్లని మొదటి విడతలో ఎంచుకునే హక్కుల్ని, ఒకదాని తర్వాత ఒకటి ట్రేడ్ చేసి పారేసింది, చివరికి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కల్పించుకుని, రాబోయే సీజన్లలో వరుసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా చేసుకునే ట్రేడ్ ఏ టీమూ చేయకూడదని రూల్ పెట్టాల్సి వచ్చింది. ఇవాళ్టికీ దాన్ని స్టెపియన్ రూల్ అనే అంటారు. అంటే ఫ్రాంక్లిన్ ఎగతాళి చేసిన సంగతిని లీగే ఒప్పుకున్నట్టయింది. నువ్వు ఓనర్‌ని దద్దమ్మ అనాలనుకుంటే ముందు ఆయన చేసిన ట్రేడ్‌లు, జీతాల పరిమితి, ఎవరి కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుందో అన్నీ కాగితం మీద పెట్టుకుని కూర్చో. ఆ తర్వాత దద్దమ్మ అను, అనకపోయినా వినేవాడికి అర్థమైపోతుంది.

దీనికి రెండోవైపు కూడా చూడు. 1999 అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌కి ఫిలడెల్ఫియాలో డబ్ల్యూఐపీ స్టేషన్ మార్నింగ్ హోస్ట్ ఏంజెలో కటాల్డీ ఆ ఊరి టీమ్ ఈగల్స్ అభిమానుల్ని వెంటేసుకుని న్యూయార్క్ వెళ్లాడు. వాళ్లకి బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ రికీ విలియమ్స్ కావాలి. ఈగల్స్ రెండో పిక్‌తో, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ డోనవన్ మెక్‌నాబ్‌ని తీసుకునేసరికి హాల్లో గోల గోలగా 'బూ' కొట్టారు. ఆ కుర్రాడు టీమ్‌ని ఐదుసార్లు కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, ఒకసారి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. కటాల్డీ సామాన్యుడు కాదు, పేపర్లో పనిచేసిన రోజుల్లో పులిట్జర్ ఫైనలిస్ట్. 2023 దాకా అదే షో చేశాడు, ఊరు ఊరంతా విన్నది. అయినా మెక్‌నాబ్ పేరు వచ్చినప్పుడల్లా ఆ బూ కూడా వస్తుంది. నీ అంచనా తప్పితే ఉద్యోగం పోదు, ఈ పనిలో అందరి అంచనాలూ తప్పుతాయి. కానీ ఇంకా ఒక్క ఆట కూడా ఆడని ఇరవై రెండేళ్ల కుర్రాడి మీద పడటం వేరు, కోట్ల డాలర్లు చేతిలో పెట్టుకుని తప్పుడు నిర్ణయాలు తీసుకునే జనరల్ మేనేజర్ మీద పడటం వేరు. కటాల్డీకి అసలు కోపం ఆ పిక్ తీసుకున్నవాళ్ల మీద, దెబ్బ తగిలింది మాత్రం స్టేజి మీద నిలబడ్డ కుర్రాడికి.

ఈ మాట మీద ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే నోరున్న హోస్టులు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. 2007 ఏప్రిల్‌లో రేడియో హోస్ట్ డాన్ ఐమస్ రట్గర్స్ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్ గురించి జాత్యహంకారపు మాట ఒకటి అన్నాడు. అప్పుడే ఫైనల్ ఓడిపోయి వచ్చిన కాలేజీ పిల్లలు వాళ్లు. దశాబ్దాల కెరీర్, కోట్లు తెచ్చే షో, ఎనిమిది రోజుల్లో సీబీఎస్ రేడియో తీసేసింది. దీన్ని కొందరు 'ఈ రోజుల్లో ఏమీ అనకూడదు' అన్న పాఠంగా తీసుకుంటారు, నాకది శుద్ధ సోమరి ఆలోచన అనిపిస్తుంది. అనొచ్చు. ప్రెసిడెంట్ దగ్గర్నుంచి ఓనర్ దాకా అందర్నీ అనొచ్చు. నీ మైకుకి జవాబు చెప్పే మైకు లేని పిల్లల్ని, అదీ వాళ్ల ఆట గురించి కాకుండా వాళ్ల పుట్టుక గురించి అనడం ధైర్యం కాదు. హైస్కూల్ పిల్లల జోలికి అసలు వెళ్లకు. స్థానిక స్టేషన్ కదా, కాలర్స్ హైస్కూల్ మ్యాచ్‌ల గురించి అడుగుతారు. కోచ్ ప్లాన్ గురించి మాట్లాడు, పదహారేళ్ల పిల్లాడు వదిలేసిన క్యాచ్ గురించి కాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. ఎవర్ని తిట్టావో వాళ్లకి మర్నాడు కనిపించు. నాకు తెలిసిన హోస్టుల్లో గౌరవం సంపాదించుకున్నవాళ్లందరికీ ఉన్న ఒకే ఒక్క ఉమ్మడి అలవాటు ఇది. ఆదివారం రాత్రి క్వార్టర్‌బ్యాక్‌ని ఏకిపారేస్తే బుధవారం ప్రాక్టీసుకి వెళ్లి లాకర్ రూమ్‌లో నిలబడాలి. ఆయన అరిస్తే వినాలి, అడిగితే షోలో అన్నమాటే మొహం మీద అనాలి. ఇలా చేస్తే రెండు లాభాలు. ఒకటి, ఎదురుగా అనలేని మాట మైకులోనూ అనకూడదని నీకే తెలిసొస్తుంది. రెండోది, కోపం చల్లారాక ఆటగాళ్లే నీకు అసలు సంగతులు చెప్పడం మొదలుపెడతారు, ఆ దెబ్బ ఎప్పుడు తగిలింది, ఆ ఎత్తు వేయమని ఎవరు చెప్పారు అని. స్టూడియో నుంచి కదలకుండా తిట్టేవాడికి ఇవి ఎప్పటికీ దొరకవు. ఓవర్‌నైట్ వాళ్లకి ప్రెస్ పాస్ ఇవ్వడానికి టీమ్ వాళ్లు నసుగుతారు. అయినా అడుగు, ప్రోగ్రామ్ డైరెక్టర్ చేత అడిగించు.

లీగల్ సంగతి ఒకటి తెలుసుకో, ఎందుకంటే స్టేషన్‌లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. 'ఇది నా అభిప్రాయం' అని ముందు పెడితే ఏమైనా అనొచ్చని చాలామంది నమ్మకం. కాదు. ఒహాయోలో ఒక హైస్కూల్ రెజ్లింగ్ కోచ్ మీద పేపర్లో స్పోర్ట్స్ కాలమ్ వచ్చింది, ఆయన ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడన్న అర్థం వచ్చేలా. ఆ కేసు 1990లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, మిల్కోవిచ్ కేసు అంటారు. అభిప్రాయం అన్న ముసుగు వేసినంత మాత్రాన, నిజమో అబద్ధమో తేల్చగలిగే ఆరోపణకి రక్షణ దొరకదని కోర్టు తేల్చింది. కాబట్టి 'వీడికి బంతి పట్టుకోవడం రాదు' అను, ఇబ్బంది లేదు. 'వీడు డోపింగ్ మందు తీసుకున్నాడు', 'కోచ్ డబ్బు తిన్నాడు' అనే ముందు ఆధారం చేతిలో ఉండాలి. కాలర్ అలాంటిది అన్నా, ఆ మాట ప్రసారం కాకుండా ఆపే డంప్ బటన్ నొక్కేయ్. ఆ కొద్ది సెకన్ల డిలే ఉన్నది బూతుల కోసమే కాదు.

కాలర్స్ గురించి. 'ఎప్పట్నుంచో వింటున్నా, కాల్ చేయడం ఇదే మొదటిసారి' అని మొదలుపెట్టేవాడిని ఎప్పుడూ తుంచేయకు, వాడు ధైర్యం కూడగట్టుకుని చేశాడు. రోజూ చేసే పాత కాపుల్ని మాత్రం నిర్దాక్షిణ్యంగా కట్ చెయ్. నీ పేరు వినగానే ఒకడు తప్పకుండా 'నీకు క్రికెట్ తెలుస్తుందేమో గానీ ఫుట్‌బాల్ ఏం తెలుసు' అంటాడు. కోప్పడకు, నవ్వి, మీ ఊరి టీమ్ ఓడిపోయిన ఏదో ఒక పాత ప్లేఆఫ్ మ్యాచ్ నాలుగో క్వార్టర్ గురించి వాడినే అడుగు. న్యూయార్క్‌లో 1987 జులై 1న డబ్ల్యూఎఫ్ఏఎన్ అనే స్పోర్ట్స్ రేడియో స్టేషన్ మొదలైనప్పుడు, ఇరవైనాలుగ్గంటలూ ఆటల కబుర్లేనా, ఎవడు వింటాడు అని నవ్వారు. ఆ రోజు ఆ స్టేషన్‌లో వినిపించిన మొదటి గొంతు ఒక ఆడమనిషిది, సుజిన్ వాల్డ్‌మన్, అదీ నాటకాల్లోంచి వచ్చిన మనిషి. ఆమె ఎన్ని మాటలు పడిందో ఊహించుకో. తర్వాత ఏళ్ల తరబడి బేస్‌బాల్ టీమ్ యాంకీస్ రేడియో బూత్‌లో కూర్చుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకో. మీ స్టేషన్ దగ్గర టీమ్ మ్యాచ్ ప్రసార హక్కులుంటే, నువ్వు ఓనర్‌ని తిట్టిన మర్నాడు మేనేజర్‌కి ఫోన్ వస్తుంది. చేరక ముందే సూటిగా అడుగు, టీమ్ నుంచి ఫోన్ వస్తే ఏం చేస్తారు అని. జవాబు నసిగితే నీకు అర్థమైపోయినట్టే. 2018లో సుప్రీంకోర్టు ఆటల పందేల మీద ఉన్న ఫెడరల్ నిషేధం ఎత్తేశాక బెట్టింగ్ కంపెనీల యాడ్స్ వరదలా వచ్చాయి. యాడ్ చదవడం తప్పు కాదు, అది నీ జీతం. కానీ నీ మాట విని జనం పందెం కాస్తారని గుర్తుంచుకుని, తెలియని మ్యాచ్ మీద 'గ్యారంటీ' అనకు. వాడని వస్తువుని నేను వాడుతున్నా అని మాత్రం ఎంత ఇచ్చినా చెప్పకు.

రేటింగ్స్ గురించి అంతగా బుర్ర పాడుచేసుకోకు గానీ లెక్క తెలుసుకో. శ్రోతల్ని లెక్కపెట్టే కంపెనీ నీల్సన్ వాళ్లు పావుగంటలో ఐదు నిమిషాలు వింటేనే శ్రోతగా లెక్కపెట్టేవాళ్లు, వినేవాళ్ల దగ్గర లెక్కించే మీటర్లున్న నగరాల్లో 2025 నుంచి దాన్ని మూడు నిమిషాలకి తగ్గించారు. అందుకే బ్రేక్‌కి వెళ్లే ముందు, ఆ తర్వాత ఏం రాబోతోందో చెప్పి వెళ్లాలి, ప్రతి పది నిమిషాలకీ ఎవరి గురించి మాట్లాడుతున్నావో మళ్లీ చెప్పాలి. రాత్రి మూడింటికి వినేది ట్రక్కు డ్రైవర్లు, నర్సులు, నిద్రపట్టనివాళ్లు. వాళ్లు మధ్యలో వస్తారు, మధ్యలో పోతారు.

షోలో శపథాలు చేయకు. 2023లో రేడియో హోస్ట్ క్రిస్ రూసో, అంతటి 'మ్యాడ్ డాగ్', అరిజోనా ఫిలడెల్ఫియా మీద బేస్‌బాల్ సిరీస్ గెలిస్తే రిటైర్ అయిపోతానన్నాడు. అరిజోనా గెలిచింది. ఆయన రిటైర్ కాలేదు, ఆయనది ముప్పై ఏళ్లు దాటిన పేరు కాబట్టి జనం నవ్వుకుని వదిలేశారు. నీకు ఆ వెసులుబాటు లేదు.

కాంట్రాక్ట్ చదువుకో. మానేశాక ఇన్ని నెలలు అదే ఊళ్లో వేరే స్టేషన్‌లో చేయకూడదనే నాన్ కంపీట్ ఉంటుంది. న్యూయార్క్, మసాచుసెట్స్, ఇల్లినాయిస్ లాంటి రాష్ట్రాల్లో రేడియో వాళ్లకి అది చెల్లదు, మీ రాష్ట్రం సంగతి సంతకం పెట్టక ముందే లాయర్‌ని అడుగు. ఫీజు నేనిస్తాను, అక్కకి చెప్పకు. పగటి ఉద్యోగం ఇప్పుడే మానకు.

మొదటి షో రికార్డింగ్ పంపించు. మొత్తం వద్దు, మూడో గంట చాలు. మొదటి గంట అందరూ బాగానే చేస్తారు, నోట్స్ అయిపోయాక, కాల్స్ రాక లైన్లన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఏం మాట్లాడావో నాకు వినాలనుంది.

మీ మామయ్య